బ్రిడ్జ్ ప్రశ్నలు – జవాబులు: స్లామ్‌లో మూడో చుట్టు తురుపు ఎప్పుడు లాగాలి?

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో చాలా భాగం స్లామ్‌ల (పదమూడు ట్రిక్కులలో పన్నెండో పదమూడో గెలుస్తామని ముందే చెప్పి ఆడే ఆటల) గురించే ఉన్నాయి. నలుగురూ ఒక్కో ముక్క వేసే చుట్టే ట్రిక్కు. అందుకని మిగతా ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, ఈసారి శీర్షిక మొత్తాన్నీ వాటికే కేటాయిస్తున్నాను. అన్ని పంపకాలలోనూ డిక్లేరర్ (కాంట్రాక్టు ఆడేవారు) దక్షిణం, డమ్మీ (ముక్కలు బల్ల మీద పరిచే పార్ట్‌నర్) ఉత్తరం. తూర్పు, పడమర ప్రత్యర్థులు. మొదటి ముక్క లీడ్ చేసేది పడమర.

ప్రశ్న (విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు): టీమ్ పోటీలో నేను ఆడిన 6 ఇస్పేట్ల (ఇస్పేటు తురుపుగా పన్నెండు ట్రిక్కుల) కాంట్రాక్టు ఒక ట్రిక్కు తక్కువై పోయింది. నా చేతిలో ఇస్పేటు ఆసు, రాణి, 10, 9, 6, 4. ఆఠీను ఆసు, రాణి, 5. డైమండ్ 8, 4. కళావరు రాజు, 7 ఉన్నాయి. డమ్మీలో ఇస్పేటు రాజు, జాకీ, 7. ఆఠీను 8, 6, 2. డైమండ్ ఆసు, రాజు, 7, 5, 3. కళావరు ఆసు, 4. ప్రత్యర్థులు బిడ్డింగ్‌లోకి రాలేదు. మా బిడ్డింగ్ ఇలా సాగింది: నేను 1 ఇస్పేటు, పార్ట్‌నర్ 2 డైమండ్లు, నేను 2 ఇస్పేట్లు, ఆయన 3 ఇస్పేట్లు, నేను 4 కళావర్లు, ఆయన 4 డైమండ్లు, నేను 4 ఆఠీన్లు, ఆయన 4 నో ట్రంప్, నేను 5 ఇస్పేట్లు, ఆయన 6 ఇస్పేట్లు. పడమర కళావరు రాణి లీడ్ చేస్తే రాజుతో గెలిచి, మూడు చుట్లు తురుపులు లాగాను. ఇస్పేట్లు తూర్పు దగ్గర మూడు, పడమర దగ్గర ఒకటి ఉన్నాయి. తర్వాత డైమండ్ ఆసు, రాజు ఆడి, మూడో డైమండ్‌ను చేతిలో తురుపుతో కోస్తే, పడమర దగ్గర రెండే డైమండ్లు ఉన్నట్టు తేలింది. కళావరు ఆసుతో డమ్మీకి వెళ్లి ఆఠీను ఫినెస్ చేశాను (రాజు తూర్పు దగ్గర ఉంటుందని ఆశించి రాణి వేశాను), పడమర రాజుతో గెలిచింది. డైమండ్లు సమంగా లేవు, ఫినెస్ కూడా పోయింది. ఇది దురదృష్టమేనా, నా ఆటలో లోపం ఉందా?

జవాబు: ముందు బిడ్డింగ్ గురించి చెప్పాలి, ఎందుకంటే అది నిజంగా చక్కగా ఉంది. మీ పార్ట్‌నర్ 15 పాయింట్లు (ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1) చూసుకుని 2 ఇస్పేట్ల తర్వాత నేరుగా 4 నో ట్రంప్ (ఆసులు అడిగే బిడ్) అనేసి ఉండవచ్చు. ఆయన అలా చేయలేదు. తన ఆఠీన్లు మూడూ చిన్నవే కనుక, ఆ సూట్‌లో మీ దగ్గర ఆసో రాజో ఉందని తెలిసే దాకా ఓపిక పట్టారు. మీరు 4 ఆఠీన్లు అన్న తర్వాతే కీ కార్డులు (నాలుగు ఆసులు, తురుపు రాజు) అడిగారు. మీరు 5 ఇస్పేట్లు అనడంతో రెండు కీ కార్డులూ తురుపు రాణీ మీ దగ్గర ఉన్నాయని తేలింది, అంటే అయిదు కీ కార్డులూ మీ ఇద్దరి దగ్గరే ఉన్నాయి. ఆఠీను రాజు ఎక్కడుందో తెలియనప్పుడు గ్రాండ్ స్లామ్ (పదమూడు ట్రిక్కులూ గెలవాల్సిన కాంట్రాక్టు) జోలికి పోకుండా ఆరు దగ్గర ఆగడం కూడా సరైన నిర్ణయమే.

ఇక ఆట. డమ్మీ పరచగానే, తొలి ముక్క ముట్టుకోకముందే, గెలిచే ట్రిక్కులు లెక్కపెట్టాలి. ఇస్పేట్లు ఆరు, ఆఠీను ఆసు ఒకటి, డైమండ్ ఆసు, రాజు రెండు, కళావరు ఆసు, రాజు రెండు, మొత్తం పదకొండు. పన్నెండోది రావడానికి రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి ఆఠీను ఫినెస్, అది సగానికి సగం. రెండోది డమ్మీలో ఉన్న అయిదు డైమండ్లలో చివరిదాన్నైనా గెలిచే ముక్కగా నిలబెట్టి, దాని మీద చేతిలోని ఒక ఆఠీను పారేయడం. ప్రత్యర్థుల దగ్గర ఉన్న ఆరు డైమండ్లు 3–3గా ఉండే అవకాశం నూటికి 35.5, 4–2గా ఉండే అవకాశం 48.4. ఈ రెండు సందర్భాలలోనూ డైమండ్లు నిలబడతాయి కనుక మొత్తం 84 దాకా వస్తుంది. డైమండ్లు 5–1గానో 6–0గానో ఉంటే అప్పుడు కూడా ఫినెస్ మిగిలే ఉంటుంది. రెండూ కలిపితే అవకాశం నూటికి 90 దాటుతుంది.

మీరూ ఈ రెండు దారులనూ చూశారు, వరుసలో కూడా డైమండ్లనే ముందు పెట్టారు. అయినా మీ ఆట 4–2 విభజనను తట్టుకోలేకపోయింది. కారణం మూడో చుట్టు తురుపు. 4–2గా ఉన్నప్పుడు డైమండ్లను చేతిలో రెండుసార్లు కోయాలి. మొదటిసారి కోశాక రెండోసారి కోయడానికి డమ్మీకి ఒకసారి వెళ్లాలి, నిలబడిన అయిదో డైమండ్ ఆడుకోవడానికి ఇంకోసారి వెళ్లాలి. అంటే డైమండ్ ఆసు, రాజు ఆడేసిన తర్వాత డమ్మీకి రెండు ఎంట్రీలు కావాలి. మీరు మూడు చుట్లు తురుపులు లాగేసరికి డమ్మీలోని ఇస్పేటు రాజు, జాకీ, 7 మూడూ అయిపోయి కళావరు ఆసు ఒక్కటే మిగిలింది. ఆ ఒక్క ఎంట్రీతో ఇక ఫినెస్ తప్ప గత్యంతరం లేదు. మీరు ఎంచుకున్న దారి డైమండ్లు 3–3గా ఉన్నప్పుడో ఫినెస్ నెగ్గినప్పుడో మాత్రమే గెలుస్తుంది, అది నూటికి 68 మాత్రమే.

ఇలా ఆడి చూడండి. కళావరు రాజుతో గెలవండి. డమ్మీలోని ఆసును అలా కాపాడుకోవడం మీరు సరిగ్గానే చేశారు. ఇస్పేటు ఆసు ఆడండి, డమ్మీ నుంచి 7 పడుతుంది. ఇద్దరూ తురుపు వేశారు కనుక నాలుగూ ఒకే చేతిలో లేవని తెలుస్తుంది. (అలా ఉంటే నాలుగు చుట్లు లాగక తప్పదు, అప్పుడు లెక్క మారుతుంది. కానీ ఆ అవకాశం నూటికి పది కన్నా తక్కువ.) చేతిలోని 4ను డమ్మీ జాకీకి ఆడండి. ఇప్పుడు తూర్పు దగ్గర ఒక్క తురుపు మిగిలి ఉంది. దాన్ని అలాగే వదిలేసి డైమండ్ ఆసు, రాజు ఆడి, మూడో డైమండ్‌ను 9తో కోయండి. ప్రత్యర్థుల ఇస్పేట్లలో అన్నిటికన్నా పెద్దది 8 కనుక, మీ 9ని మించి ఎవరూ కోయలేరు. ఇప్పుడు ఇస్పేటు 6ను డమ్మీ రాజుకు ఆడితే తూర్పు చివరి తురుపు పడిపోతుంది, మీరూ డమ్మీకి చేరతారు. నాలుగో డైమండ్‌ను 10తో కోయండి, కళావరు 7ను ఆసుకు ఆడండి. అయిదో డైమండ్ ఇప్పుడు గెలిచే ముక్క, దాని మీద ఆఠీను 5 పారేయండి. చేతిలో ఇస్పేటు రాణి, ఆఠీను ఆసు, రాణి మిగులుతాయి. పన్నెండు ట్రిక్కులు వచ్చేసినట్టే.

మీరు లాగిన చుట్లూ మూడే, ఈ ఆటలో లాగేవీ మూడే. ఆ మూడో చుట్టును డైమండ్లను ఒకసారి కోసిన తర్వాతకు జరపడం ఒక్కటే తేడా. అప్పుడు అదే చుట్టు తురుపు లాగే పనీ చేస్తుంది, ఎంట్రీగానూ పనికొస్తుంది. మన దగ్గర చాలామంది ‘ముందు తురుపులన్నీ లాగేయాలి’ అన్న మాటను అక్షరాలా పాటించి స్లామ్‌లు పోగొట్టుకోవడం చూస్తుంటే బాధగా ఉంటుంది. డమ్మీలోని పెద్ద తురుపులు ఎంట్రీలు కూడా అయినప్పుడు, వాటిని ఎప్పుడు ఖర్చు చేయాలో ఆటకు ముందే తేల్చుకోవాలి.

అదే పంపకం జంటల పోటీలో వచ్చి ఉంటే చివర మూడు ముక్కలు మిగిలినప్పుడు డమ్మీ నుంచి ఆఠీను ఆడి నిర్భయంగా ఫినెస్ చేయవచ్చు. నెగ్గితే పదమూడు వస్తాయి, పోయినా పన్నెండుకు లోటు లేదు.

ప్రశ్న (నిజామాబాద్ నుంచి ఒక పాఠకురాలు): 2018లో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ స్వర్ణం గెలిచిన వార్త చదివాక మా కాలనీలో నలుగురం బ్రిడ్జ్ నేర్చుకోవడం మొదలుపెట్టాం. స్లామ్ అనగానే 4 నో ట్రంప్ అడగడం మాకు అలవాటైపోయింది. మొన్న నా చేతిలో ఇస్పేటు ఆసు, రాజు, జాకీ, 7, 4. ఆఠీను రాజు, రాణి, జాకీ, 6. డైమండ్ ఆసు, రాణి. కళావరు 8, 3 వచ్చాయి. నేను 1 ఇస్పేటు అంటే పార్ట్‌నర్ 3 ఇస్పేట్లు అంది. నేను 4 నో ట్రంప్ అడిగితే 5 కళావర్లు, అంటే ఒక కీ కార్డు ఉందని చెప్పింది. అయిదింటిలో నాలుగు మా దగ్గరే ఉన్నాయని 6 ఇస్పేట్లు అన్నాను. పడమర కళావరు ఆసు, రాజు వరుసగా ఆడి మమ్మల్ని అక్కడికక్కడే ఓడించింది. డమ్మీలో ఇస్పేటు రాణి, 9, 6, 2. ఆఠీను ఆసు, 10, 5. డైమండ్ రాజు, జాకీ, 8. కళావరు రాణి, 7, 4 ఉన్నాయి. 32 పాయింట్లు ఉండి కూడా ఎందుకిలా జరిగింది?

జవాబు: 1933లో అమెరికాలో ఈస్లీ బ్లాక్‌వుడ్ ఈ 4 నో ట్రంప్ పద్ధతిని రూపొందించింది స్లామ్‌ను కనిపెట్టడానికి కాదు, రెండు ఆసులు లేకుండా స్లామ్‌కు వెళ్లిపోకుండా ఆపడానికి. దానికి వచ్చే జవాబు ఎన్ని ఆసులు ఉన్నాయో చెబుతుంది, ఏ సూట్‌లో ఏముందో చెప్పదు. ఈ రోజుల్లో తురుపు రాజును కూడా కలుపుకుని అయిదు కీ కార్డులు లెక్కపెడుతున్నా ఆ పరిమితి అలాగే ఉంది. మీ పంపకంలో లేని కీ కార్డు ఒక్కటే. కానీ ఆ ఆసు ఉన్న సూట్‌లోనే రాజు కూడా ప్రత్యర్థుల దగ్గర ఉంది, మీ ఇద్దరి దగ్గరా ఆ సూట్‌లో కనీసం రెండేసి ముక్కలు ఉన్నాయి. అందుకే మొదటి రెండు ట్రిక్కులూ వాళ్లవయ్యాయి.

కాబట్టి ఒక నియమం గట్టిగా పట్టుకోండి. ఎవరూ బిడ్ చేయని సూట్‌లో మీ దగ్గర రెండు మూడు చిన్న ముక్కలే ఉంటే 4 నో ట్రంప్ మీరు అడగకూడదు. దానికి ముందు కంట్రోల్ బిడ్లు చెప్పుకోవాలి. తురుపు ఖాయమయ్యాక 4 స్థాయిలో చెప్పే కొత్త సూట్ ఆ సూట్‌లో ఆసు, రాజు, ఒంటి ముక్క, శూన్యం వీటిలో ఏదో ఒకటి ఉందని తెలుపుతుంది. వీటిని కింది నుంచి పైకి వరుసగా చెప్పాలి, దాటేసిన సూట్‌లో కంట్రోల్ లేదని అర్థం. (ఆసును, శూన్యాన్ని మాత్రమే ముందు చూపించే జంటలూ ఉన్నాయి. ఏ పద్ధతి ఆడుతున్నారో మీ నలుగురూ ముందే మాట్లాడుకోండి.)

మీ చేతితో 3 ఇస్పేట్ల తర్వాత 4 డైమండ్లు అనాలి. కళావరును దాటేశారు కనుక అక్కడ మీకు ఏమీ లేదని మీ పార్ట్‌నర్‌కు వెంటనే తెలుస్తుంది. ఆమె దగ్గర ఆఠీను ఆసు ఉన్నా, కళావరులో తనకూ కంట్రోల్ లేదు కనుక 4 ఆఠీన్లు అనకుండా 4 ఇస్పేట్ల దగ్గర ఆపేస్తుంది. మీకు పదకొండు ట్రిక్కులు వస్తాయి, గేమ్ (4 ఇస్పేట్ల కాంట్రాక్టు) పాయింట్లు చేతికి వస్తాయి. అదే ఆమె దగ్గర కళావరు రాణి బదులు రాజు ఉండి ఉంటే 4 ఆఠీన్లు అనేది, అప్పుడు మీ 4 నో ట్రంప్‌కు అర్థం ఉండేది. విశాఖ పాఠకుడి పార్ట్‌నర్ చేసిన పని ఇదే.

ప్రశ్న (డాలస్ నుంచి ఒక తెలుగు పాఠకురాలు): ఇక్కడ మేము ఆన్‌లైన్‌లో ఆడుతుంటాం. స్లామ్‌కు 33 పాయింట్లు కావాలని నేర్చుకున్నాను. కానీ 27, 28 పాయింట్లతో స్లామ్ బిడ్ చేసి చేసేస్తున్న జంటలను తరచూ చూస్తున్నాను. వాళ్లకు అది ఎలా తెలుస్తోంది?

జవాబు: రెండు చేతులూ సమతూకంగా ఉండి నో ట్రంప్‌లో (తురుపు లేకుండా) ఆడేటప్పుడు 33 అన్న లెక్క బాగా పనికొస్తుంది. తురుపు కుదిరి, ఒక చేతిలో ఒంటి ముక్కో శూన్యమో ఉన్నప్పుడు, ఎన్ని పాయింట్లు ఉన్నాయన్నది వెనక్కి వెళ్లి, అవి ఎక్కడున్నాయన్నది ముందుకు వస్తుంది. ఒకే 15 పాయింట్ల చేతిని రెండు రకాలుగా చూపిస్తాను.

మీరు 1 ఇస్పేటు అన్నారు. పార్ట్‌నర్ ఒక్కసారిగా 4 ఆఠీన్లకు దూకింది. ఇది స్ప్లింటర్ బిడ్: ఇస్పేట్లు నాలుగున్నాయి, గేమ్‌కు సరిపడా బలం ఉంది, ఆఠీనులో ఒంటి ముక్క గానీ శూన్యం గానీ ఉంది అని అర్థం. ఆమె చేయి ఇస్పేటు రాజు, జాకీ, 8, 4, ఆఠీను 5, డైమండ్ రాజు, 7, 6, 2, కళావరు ఆసు, జాకీ, 8, 6 అనుకుందాం. మొత్తం 12 పాయింట్లు.

మీ చేయి ఇస్పేటు ఆసు, రాణి, 10, 7, 5. ఆఠీను 8, 6, 4. డైమండ్ ఆసు, 3. కళావరు రాజు, రాణి, 2 అయితే 4 ఆఠీన్లు వినగానే సంతోషించాలి. మీ మూడు చిన్న ఆఠీన్లలో ఒకటే పోతుంది, మిగతా రెండూ డమ్మీ కోసేస్తుంది. మీ 15 పాయింట్లూ ఇస్పేటు, డైమండ్, కళావరులలో ఉన్నాయి, ఒక్కటీ వృథా కాదు. చేతిలో అయిదు తురుపులు, డమ్మీలో రెండు కోతలు, డైమండ్ ఆసు, రాజు, కళావరు ఆసు, రాజు, రాణి కలిపి పన్నెండు. డమ్మీలో కళావరు జాకీ అదనంగా ఉంటుంది. మీరు 4 నో ట్రంప్ అడిగితే ఆమె 5 ఆఠీన్లు, అంటే రాణి లేకుండా రెండు కీ కార్డులు అంటుంది. లేనిది ఆఠీను ఆసు ఒక్కటే కనుక 6 ఇస్పేట్లు. మొత్తం 27 పాయింట్లతో ఇది చాలా మంచి స్లామ్.

ఇప్పుడు మీ చేతిలోని కళావరు రాజు, రాణిని ఆఠీనులోకి మార్చండి: ఇస్పేటు ఆసు, రాణి, 10, 7, 5, ఆఠీను రాజు, రాణి, 4, డైమండ్ ఆసు, 3, కళావరు 9, 5, 2. పాయింట్లు అవే 15. కానీ ఒంటి ముక్కకు ఎదురుగా ఉన్న ఆఠీను రాజు, రాణి పెద్దగా ఉపయోగపడవు, కళావరులో మాత్రం పెద్ద గుంట పడుతుంది. ఆఠీను ఆసు పోయాక కళావరులో ఒకటైనా పోతుంది, పన్నెండో ట్రిక్కు దొరకదు. 4 ఆఠీన్లు వినగానే ఈ చేతితో 4 ఇస్పేట్లు అని ఆగిపోవాలి. మీరు చూసిన జంటలకు తెలిసిన రహస్యం ఇంతే: పార్ట్‌నర్ పొట్టి సూట్ ఏదో వినడం, తమ పాయింట్లు ఆ సూట్‌లో ఉన్నాయా, బయట ఉన్నాయా అని చూసుకోవడం.

ప్రశ్న (రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకుడు): ఎంత అవకాశం ఉంటే స్లామ్ బిడ్ చేయాలి? గ్రాండ్ స్లామ్‌కు కూడా అదే లెక్క వర్తిస్తుందా?

జవాబు: హెరాల్డ్ వాండర్‌బిల్ట్ 1925లో రూపుదిద్దిన కాంట్రాక్ట్ బ్రిడ్జ్ లెక్కలో బిడ్ చేసి సాధించిన స్లామ్‌కే బోనస్ వస్తుంది. అందుకే మీ ప్రశ్నకు ఇంత విలువ. ఇస్పేట్లలో, వల్నరబుల్ (బోనస్, జరిమానా రెండూ పెరిగే స్థితి) కానప్పుడు చూద్దాం. 6 బిడ్ చేసి పన్నెండు తెస్తే 980. 4 దగ్గర ఆగి అదే పన్నెండు తెస్తే 480. లాభం 500. పదకొండే వస్తే 6 బిడ్ చేసిన వాళ్లకు 50 నష్టం, 4 దగ్గర ఆగిన వాళ్లకు 450. తేడా మళ్లీ 500. వల్నరబుల్‌గా ఉన్నప్పుడు రెండు పక్కలా 750. కాబట్టి స్మాల్ స్లామ్‌కు (పన్నెండు ట్రిక్కులకు) సగానికి సగం అవకాశం ఉంటే చాలు.

గ్రాండ్ స్లామ్ అలా కాదు. వల్నరబుల్ కానప్పుడు 7 ఇస్పేట్లు చేస్తే 1510, 6 బిడ్ చేసి పదమూడు తెస్తే 1010. లాభం 500 మాత్రమే. ఒక్క ట్రిక్కు తగ్గితే చేతిలో ఉన్న 980 పోయి, పైగా 50 ఇచ్చుకోవాలి, నష్టం 1030. ఈ లెక్కన మూడింట రెండు వంతుల అవకాశం కావాలి. టీమ్ పోటీలలో తేడాను ఐఎంపీలుగా (కుదించిన పాయింట్లుగా) మారుస్తారు కనుక పెద్ద తేడాలు కొంత కుదించుకుపోతాయి. 500కు 11, 1030కి 14 వస్తాయి. కాగితం మీద నూటికి 56, 57 ఉంటే చాలనిపిస్తుంది. అయినా నా సలహా అంతకన్నా జాగ్రత్తగా ఉండమనే. అదే పంపకాన్ని రెండో టేబుల్ దగ్గర ఆడే జంట అసలు స్లామ్‌కే వెళ్లకపోయి ఉండవచ్చు. అప్పుడు 6 దగ్గరే మీకు పెద్ద లాభం ఉంది. దాన్ని పణంగా పెట్టి 7 అనడానికి, కూర్చున్న చోటే పదమూడు ట్రిక్కులు లెక్కపెట్టగలగాలి. ఒక ఫినెస్ మీద ఆధారపడి గ్రాండ్ స్లామ్ బిడ్ చేయకండి.

ప్రశ్న (గుంటూరు నుంచి ఒక పాఠకుడు): నేను 1 నో ట్రంప్, పార్ట్‌నర్ 4 నో ట్రంప్, నేను 6 నో ట్రంప్ అన్నాం. నా చేయి ఇస్పేటు రాజు, 8, 4. ఆఠీను ఆసు, రాణి, 6. డైమండ్ ఆసు, జాకీ, 9, 6, 4. కళావరు రాజు, 9. డమ్మీలో ఇస్పేటు ఆసు, 7, 3. ఆఠీను రాజు, జాకీ, 4. డైమండ్ రాజు, 10, 7, 5. కళావరు ఆసు, 6, 2. పడమర ఆఠీను 10 లీడ్ చేసింది. రెండు చేతుల్లో కలిపి తొమ్మిది డైమండ్లు ఉన్నప్పుడు రాణి రాలిపడుతుందని చదివి ఆసు, రాజు ఆడాను. రాణి తూర్పు దగ్గర మూడు ముక్కలతో ఉంది. ఆ సూత్రం తప్పా?

జవాబు: ముందుగా ఒక మాట. 1 నో ట్రంప్ మీద నేరుగా వచ్చే 4 నో ట్రంప్ ఆసులు అడగడం కాదు, ‘నీ దగ్గర గరిష్ఠ బలం ఉంటే స్లామ్‌కు వెళ్లు’ అన్న ఆహ్వానం. అక్కడ ఆసులు అడగాలంటే జాన్ గెర్బర్ పేరుతో ఉన్న 4 కళావర్ల పద్ధతి వాడాలి. మీ పార్ట్‌నర్ 15 పాయింట్లతో ఆహ్వానించడం కాస్త సాహసమే. మీరు 17తో అంగీకరించడం సబబు.

సూత్రం తప్పు కాదు. ఏ సమాచారమూ లేనప్పుడు రాణి రాలిపడుతుందని ఆడటమే మేలు. కానీ ఆ మేలు చాలా స్వల్పం, ఫినెస్‌తో పోలిస్తే సుమారు 52కు 48. ఇంత చిన్న తేడాను ఏ కొద్దిపాటి సమాచారమైనా తిరగేస్తుంది. మీరేమో సమాచారం సేకరించకముందే డైమండ్లు ముట్టుకున్నారు. మీకు డైమండ్లు కాకుండా ఏడు ట్రిక్కులున్నాయి, డైమండ్లు అయిదూ వస్తేనే పన్నెండు. రాణి పోతే స్లామ్ ఎలాగూ పోతుంది కనుక మిగతా ఆసులూ రాజులూ దాచుకుని ప్రయోజనం లేదు. అన్నిటికన్నా చివర ముట్టుకోవలసిన సూట్ డైమండ్.

ఆఠీను రాణితో గెలిచి, రెండో ట్రిక్కులోనే చేతి నుంచి ఇస్పేటు 4 ఆడి, డమ్మీ నుంచి 3 వేసి ఆ ట్రిక్కు వదిలేయండి. పదమూడింటిలో ఎలాగూ ఒకటి పోవాలి, అది ముందే పోతే ఇస్పేట్లు మూడు చుట్లు తిరిగి లెక్క తెలుస్తుంది. తూర్పు గెలిచి కళావరు తిప్పిందనుకుందాం. రాజుతో గెలిచి, ఆఠీను ఆసు, రాజు ఆడండి. మూడో చుట్టులో తూర్పు ఆఠీను వేయలేకపోయింది, అంటే పడమర దగ్గర ఆఠీన్లు అయిదు. ఇస్పేటు ఆసు, రాజు ఆడండి. మూడో చుట్టులో తూర్పు ఇస్పేటు కూడా వేయలేకపోయింది, పడమర దగ్గర ఇస్పేట్లూ అయిదే. తర్వాత కళావరు ఆసు ఆడితే పడమర రెండోసారి కూడా కళావరు వేసింది. అయిదు, అయిదు, రెండు కలిపి పన్నెండు. పడమర దగ్గర డైమండ్ ఉంటే ఒక్కటే ఉండాలి, అసలు ఉండకపోనూవచ్చు. బయట ఉన్న నాలుగు డైమండ్లలో కనీసం మూడు తూర్పువే.

ఇప్పుడు డమ్మీలోనే ఉన్నారు. డైమండ్ రాజు ఆడండి. పడమర దగ్గర ఉన్న ఆ ఒక్కటి రాణే అయితే అక్కడే పడిపోతుంది. పడకపోతే డమ్మీ నుంచి 10 ఆడి, తూర్పు రాణి వేయకపోతే చేతిలో చిన్న ముక్క వేయండి. ఈ స్థితిలో ఇది నూటికి నూరు పాళ్లు నెగ్గే ఆట, ఊహతో పని లేదు. ప్రతి పంపకంలోనూ లెక్క ఇంత స్పష్టంగా తేలదు, నిజమే. కానీ ఒక ప్రత్యర్థి దగ్గర ఒక సూట్ పొడవుగా ఉందని తెలిసినా, రాణి రెండోవాళ్ల దగ్గర ఉండే అవకాశం పెరుగుతుంది. 52కు 48 అన్న తేడా అంతటితో చెల్లిపోతుంది.

ప్రశ్న (కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు): మేము 6 ఆఠీన్లు బిడ్ చేస్తే, తూర్పు డబుల్ (మీరు ఓడతారంటూ పందెం పెంచే బిడ్) అంది. పడమర మా డమ్మీ బిడ్ చేసిన డైమండ్‌నే లీడ్ చేసింది. తూర్పు దాన్ని తురుపుతో కోసి, ఆసు ఒకటి ఆడుకుంది. డబుల్ వినగానే నేను రీడబుల్ (పందెాన్ని ఇంకా పెంచే బిడ్) అన్నాను. అది పొరపాటా?

జవాబు: అవును. లీడ్ చేయని ఆటగాడు స్లామ్‌కు డబుల్ చెప్పడం లీడ్‌కు సంకేతం. థియోడోర్ లైట్నర్ పేరుతో వాడుకలో ఉన్న ఈ డబుల్‌కు ‘మామూలు లీడ్ వద్దు’ అని అర్థం. సాధారణంగా డమ్మీ మొదట బిడ్ చేసిన సూట్‌ను అడుగుతుంది, ఆ సూట్‌లో డబుల్ చేసినవారికి శూన్యం ఉంటుంది. ఈ డబుల్ విన్నప్పుడు మీరు చూసుకోవలసింది 6 నో ట్రంప్‌లో మీకు పన్నెండు ట్రిక్కులు ఉన్నాయా అని. అక్కడ కోత ఉండదు, ఆ ఆసు ఒక్కటే పోతుంది. ఉన్నాయనుకుంటే వెంటనే 6 నో ట్రంప్‌కు మారిపోండి. లేవనుకుంటే రీడబుల్ అనకుండా 6 ఆఠీన్లలోనే ఉండి, పడమర సంకేతాన్ని పట్టుకోలేక వేరే సూట్ లీడ్ చేస్తే మాత్రం, మొదటి పంపకంలో మూడో చుట్టును వాయిదా వేసినట్టు ఇక్కడ వేయకుండా, తురుపులన్నీ ఒకేసారి లాగేయండి.